ఆహార విషాలు, ప్రోబయోటిక్ బాక్టీరియా: గోదావరి డెల్టా

ప్రోబయోటిక్‌లు అంటే తగిన మోతాదులో శరీరంలోకి చేరితే ఆరోగ్యానికి మేలు చేసే సజీవ సూక్ష్మజీవులు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల నిపుణులు 2001లో అర్జెంటీనాలోని కోర్డోబాలో సమావేశమై ఈ నిర్వచనాన్ని కుదిర్చారు. పాలను పెరుగుగా మార్చే లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా వీటిలో ప్రధానమైనవి. బైఫిడోబాక్టీరియా, కొన్ని బాసిల్లస్ జాతులు, కొన్ని ఈస్టులు కూడా ఈ కోవలోకే వస్తాయి. విరేచనాలను అదుపు చేయడంతో వీటికి మొదట పేరు వచ్చింది. తిండితోపాటు కడుపులోకి వెళ్ళిన విషాన్ని పట్టి ఉంచి, రక్తంలో కలవకుండా మలంతో బయటికి పంపగల గుణం వీటికి ఉందని 1990ల నుంచి పరిశోధనలు చూపుతున్నాయి.

గోదావరి డెల్టాలో ప్రోబయోటిక్ అనే మాట మందుల దుకాణం కంటే రొయ్యల చెరువు గట్టు మీదే ఎక్కువగా వినిపిస్తుంది. భీమవరం చుట్టుపక్కల రైతుకు అది మేత, సున్నం, ఏరేటర్లతో పాటు రోజూ లెక్కలో ఉండే సరుకు. కోళ్ల దాణాలో, పశువుల మేతలో, పెరుగన్నంలో, పులిసిన తరవాణిలో కూడా ఇదే కోవ సూక్ష్మజీవులు ఉన్నాయి. వరి, కొబ్బరి, మొక్కజొన్న, కర్రపెండలం, చేపలు, రొయ్యలు, కోళ్లు, పాడి ఒకేచోట కలిసిన ప్రాంతం కనుక ఆహార విషాల సమస్యలో చాలా పార్శ్వాలు ఇక్కడ కనిపిస్తాయి.

తేమ, బూజు

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువల కింద డెల్టా వరి మాగాణిగా స్థిరపడింది. సార్వా పంట కోతకొచ్చే కార్తీక, మార్గశిర మాసాలే బంగాళాఖాతంలో తుపానుల కాలం కూడా. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను ధ్వంసం చేసిన తుపాను, 2013 నవంబరులో వరసగా వచ్చిన హెలెన్, లెహర్, 2023 డిసెంబరు నాటి మిచౌంగ్ అన్నీ కోతల సమయంలో వచ్చినవే. పనలు నీట నానితే గింజ మొలకెత్తుతుంది, రంగు మారుతుంది. కోశాక కొంతకాలం మొలకెత్తని గుణం గింజకు ఉండేలా మార్టేరు వరి పరిశోధన కేంద్రం తన రకాలను ఎంచుకుంటూ వచ్చింది. మొలకను ఆపగలిగినా బూజును ఆపడం విత్తనం చేతిలో లేదు.

ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే పసుపుపచ్చ బూజుకు 25 నుంచి 35 డిగ్రీల వేడి, గాలిలో తేమ, సరిగా ఎండని గింజ ఉంటే చాలు. ధాన్యం కొనుగోలు కేంద్రాలు 17 శాతం వరకు తేమను అంగీకరిస్తాయి. చాలాకాలం నిల్వ చేయాలంటే మాత్రం అది 13, 14 శాతానికి దిగాలి. ఈ రెండు అంకెల మధ్య తేడా తీరేదాకా, అంటే ధాన్యం కళ్లంలోనో, మిల్లులోనో, గిడ్డంగిలోనో తడిగా పడి ఉన్నన్ని రోజులూ బూజుకు అవకాశమే. ఈ బూజు విడుదల చేసే విషమే అఫ్లాటాక్సిన్. ఇందులో బి1 అనే రూపం అన్నిటికంటే ప్రమాదకరం. వంట వేడికి అది నశించదు. ఉడికించినా, వేయించినా చాలా భాగం అలాగే మిగులుతుంది. కాలేయంలోని ఎంజైములు దీన్ని మరింత చురుకైన రూపంలోకి మారుస్తాయి. ఆ రూపం జన్యుపదార్థంలోని గ్వానిన్‌కు అతుక్కుని కాలేయ క్యాన్సర్‌కు దారితీస్తుంది. హెపటైటిస్ బి ఉన్నవారికి ఈ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఈ విషం 1960లో ఇంగ్లండులో బయటపడింది. బ్రెజిల్ నుంచి దిగుమతైన వేరుశనగ పిండిని మేతగా తిన్న టర్కీ కోళ్లు లక్షకు పైగా చనిపోయాయి. బాతుపిల్లలూ చనిపోయాయి. ఈ విషానికి తొందరగా లొంగిపోయే జీవాల్లో బాతుపిల్ల మొదటి వరసలో ఉంటుంది. కోతలయ్యాక డెల్టా పొలాల్లో బాతుల మందలను తోలుకుపోయేవారు గుర్తుంచుకోవలసిన విషయమిది. మన దేశంలో మనుషుల మీద దీని దెబ్బ 1974లో కనిపించింది. రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల్లో వానకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిన్న గిరిజనుల్లో 397 మంది జబ్బుపడగా 106 మంది మరణించారు. ఆ గింజల్లో కిలోకు 6.25 నుంచి 15.6 మిల్లీగ్రాముల విషం ఉందని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు తేల్చారు. ఇప్పుడు భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ తృణధాన్యాలకు పెట్టిన హద్దు కిలోకు 15 మైక్రోగ్రాములు. అప్పుడు ఆ కుటుంబాలు తిన్నది దీనికి నాలుగు వందల నుంచి వెయ్యి రెట్లు.

1995లో దక్కను పీఠభూమిలోని ఆంధ్రప్రదేశ్, కర్ణాటక పల్లెల్లో అకాల వర్షాలకు తడిసిన జొన్న, మొక్కజొన్న తిన్నవారికి కడుపునొప్పి, విరేచనాలు పట్టుకున్నాయి. అక్కడ దొరికింది ఫ్యూజేరియం అనే మరో బూజు ఇచ్చే ఫ్యుమోనిసిన్. రెండు ఘటనల్లోనూ తడిసిన గింజలు తప్ప వేరే తిండి లేని పేదలే బాధితులు.

డెల్టాలో విషం తిరిగే దారులు

మొక్కజొన్న, వేరుశనగలతో పోలిస్తే బియ్యంలో అఫ్లాటాక్సిన్ సాధారణంగా తక్కువ. పొట్టు తీసి పాలిష్ పట్టేటప్పుడు పైపొరలోని విషం చాలావరకు తవుడులోకి పోతుంది. అందువల్ల అన్నం కొంత తేరుకుంటుంది కానీ ఆ మేరకు తవుడు భారమవుతుంది. ఆ తవుడే పశువుల కుడితిలోకీ, నూనె తీశాక కొల్లేరు చుట్టూ ఉన్న చెరువుల్లో శీలావతి, బొచ్చె చేపల మేతలోకీ వెళుతుంది.

కోనసీమలో కొబ్బరి సంగతి వేరు. కాయ పగలగొట్టి చిప్పలు ఎండబెట్టేటప్పుడు ముసురు పట్టిందంటే తెల్లటి కొబ్బరి మీద రెండు మూడు రోజుల్లో పచ్చబూజు లేస్తుంది. నూనెకు వెళ్ళే ఎండుకొబ్బరిలో తేమ 6 శాతానికి తగ్గాలి. అంబాజీపేట మార్కెట్టుకు వచ్చే కురిడీ కాయ దీనికి భిన్నం. దాన్ని పగలగొట్టకుండా నెలల తరబడి నిల్వ ఉంచి, చిప్ప లోపలే కొబ్బరి ఎండేలా చేస్తారు. గాలి తగలకపోవడం వల్ల బూజు బెడద తక్కువ. 

మొక్కజొన్న జంగారెడ్డిగూడెం, చింతలపూడి మెట్ట ప్రాంతాల నుంచీ, దూరప్రాంతాల నుంచీ కోళ్ల దాణా కోసం అనపర్తి, తణుకు వైపు వస్తుంది. ఇక్కడి గుడ్లు తూర్పు, ఈశాన్య రాష్ట్రాలకు వెళతాయి. కాబట్టి ఇక్కడి గిడ్డంగిలో బూజు పడితే నష్టం ఇక్కడితో ఆగదు. విషం తగిలిన కోడి మేత తగ్గిస్తుంది, గుడ్లు పెట్టడం తగ్గుతుంది, రోగనిరోధక శక్తి పడిపోయి టీకాలు సరిగా పనిచేయవు. భారతీయ ప్రమాణాల ప్రకారం కోళ్ల దాణాలో అఫ్లాటాక్సిన్ బి1 కిలోకు 20 మైక్రోగ్రాములు దాటకూడదు.

గేదె తిన్న బి1లో కొంత భాగం ఎం1గా మారి పాలలోకి వస్తుంది. సాధారణంగా ఇది ఒకటి రెండు శాతం, ఎక్కువ పాలిచ్చే పశువుల్లో 6 శాతం దాకా ఉండవచ్చు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఎం1ను కూడా క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలోనే చేర్చింది. మన దేశంలో పాలకు హద్దు కిలోకు 0.5 మైక్రోగ్రాము. ఐరోపా సమాఖ్యలో అది పదో వంతు మాత్రమే. ఎం1 పాలలోని కేసిన్ ప్రోటీన్‌ను అంటిపెట్టుకుని ఉంటుంది కనుక చీజ్, పనీర్ వంటి వాటిలో దాని సాంద్రత పెరుగుతుంది. పాలు ఎక్కువగా తాగేది చిన్నపిల్లలు. అందుకే దాణా నాణ్యతను పశువైద్యుల సమస్యగా మాత్రమే చూడడం సరికాదు.

బాక్టీరియా విషాన్ని పట్టే తీరు

లాక్టిక్ బాక్టీరియా ప్రేగుల్లోని విషాల నుంచి కాపాడుతుందన్న ఊహ మొదట రష్యన్ శాస్త్రజ్ఞుడు ఎలీ మెచ్నికోవ్‌ది. పెద్దప్రేగులో కుళ్లు పుట్టించే సూక్ష్మజీవుల విషాలే ముసలితనాన్ని తొందరపెడతాయనీ, పులిసిన పాలు వాటిని అణచివేస్తాయనీ ఆయన పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో పనిచేస్తూ 1907 ప్రాంతంలో రాశారు. ముసలితనం గురించిన ఆయన సిద్ధాంతం నిలబడలేదు. బాక్టీరియా విషానికి అడ్డుపడగలదన్న భాగం తొంభై ఏళ్ల తరువాత వేరే రూపంలో రుజువైంది.

1998లో ఫిన్లండ్‌లోని కువోపియో విశ్వవిద్యాలయంలో హనీ ఎల్-నెజామీ బృందం రెండు రకాల లాక్టోబాసిల్లస్ రామ్నోసస్‌ను అఫ్లాటాక్సిన్ బి1 ఉన్న ద్రావణంలో కలిపి చూసింది. దాదాపు 80 శాతం విషం ద్రావణం నుంచి మాయమైంది. ఆ రెండింటిలో ఒకటి, అమెరికాలో షెర్వుడ్ గోర్బాక్, బారీ గోల్డిన్ మనిషి ప్రేగు నుంచి వేరుచేసిన ‘జీజీ’. రెండోది పాడి పరిశ్రమలో వాడే ‘ఎల్‌సీ705’. (2020లో వర్గీకరణ మారి ఈ జాతి లాక్టికేసిబాసిల్లస్ అయింది.) పరిశోధకులను ఆశ్చర్యపరిచిన సంగతి మరొకటుంది. వేడితోనో ఆమ్లంతోనో చంపిన కణాలు కూడా విషాన్ని పట్టుకున్నాయి, కొన్నిసార్లు బతికిన వాటికంటే ఎక్కువగా. దీన్నిబట్టి బాక్టీరియా విషాన్ని జీర్ణించుకోవడం లేదనీ, కణపు గోడలోని పెప్టిడోగ్లైకాన్, పాలిసాకరైడ్ల మీద విషం అతుక్కుంటోందనీ అర్థమైంది. వేడి, ఆమ్లం ఆ గోడను వదులు చేసి లోపలి అతుకుచోట్లను బయటపెడతాయి.

ఈస్టు కణపు గోడలోని బీటా గ్లూకాన్లు జియరలినోన్ అనే ఫ్యూజేరియం విషాన్ని బాగా పట్టుకుంటాయి. లాక్టిక్ బాక్టీరియా ఫ్యుమోనిసిన్లనూ పట్టగలదు, అందులో బి1 కంటే బి2 తేలిగ్గా చిక్కుతుంది. విషాన్ని నిజంగానే విరగ్గొట్టే సూక్ష్మజీవులు వేరే ఉన్నాయి. ఆవు నెమరు కడుపులోని ద్రవం నుంచి ఆస్ట్రియాలో వేరుచేసిన ఒక బాక్టీరియం ట్రైకోథెసీన్ విషాల్లోని ఎపాక్సైడ్ వలయాన్ని తెరిచి వాటిని నిర్వీర్యం చేస్తుంది. పశువుల మేతలో దీని వాడకానికి ఐరోపాలో అనుమతి ఉంది. నెమరు వేసే పశువులు కొన్ని బూజు విషాలను కోళ్లకంటే బాగా తట్టుకోవడానికి వాటి కడుపులోని ఈ జీవులే కారణం.

అతుకు శాశ్వతం కాదు. బాక్టీరియాను నీటితో పదేపదే కడిగితే పట్టిన విషంలో కొంత విడిపోతుంది. అసలు పట్టడానికే చాలా సంఖ్య కావాలి. ఆ ఫిన్లండ్ ప్రయోగాల్లో సగం విషాన్ని తీయడానికి మిల్లీలీటరుకు సుమారు 200 కోట్ల కణాలు అవసరమయ్యాయి. గట్టి పెరుగులో కూడా సాధారణంగా అంతకంటే తక్కువే ఉంటాయి, పలచని మజ్జిగ సంగతి చెప్పనక్కర్లేదు. పైగా ఒక జాతిలోనే ఒక రకం పట్టుకున్న విషాన్ని పక్క రకం పట్టుకోకపోవచ్చు. అందుకే ‘పెరుగు విషానికి విరుగుడు’ అని గంపగుత్తగా చెప్పడానికి వీల్లేదు.

శరీరంలో జరిగేది

పరీక్షనాళికలో జరిగింది ప్రేగులో జరగాలని లేదు. ముందు కోడిపిల్లల చిన్నప్రేగు ముక్కలో చూశారు. జీజీ రకం బాక్టీరియా ఉన్నప్పుడు ప్రేగు గోడలోకి చేరిన విషం బాగా తగ్గింది. తరువాత 2006లో ఎలుకల మీద చేసిన ప్రయోగంలో జీజీ తిన్న ఎలుకలు విషాన్ని మలంతో ఎక్కువగా విసర్జించాయి, కాలేయానికి దెబ్బ తగ్గింది. బాక్టీరియా ప్రేగుగోడల జిగురుకు అంటుకుని ఎక్కువకాలం ఉండిపోతే విషాన్ని కూడా అక్కడే ఉంచేస్తుందేమోనన్న అనుమానం ఒకటుంది. విషం పట్టిన కణం జిగురుకు అంతగా అంటుకోదని తేలడంతో ఆ అనుమానం కొంత తీరింది.

మనుషుల్లో జరిగిన ముఖ్యమైన పరీక్ష చైనాలోని గ్వాంగ్‌జౌది. అక్కడ కాలేయ క్యాన్సర్ ఎక్కువ, తిండిలో అఫ్లాటాక్సిన్ కూడా ఎక్కువే. ఆరోగ్యంగా ఉన్న 90 మంది యువకుల్లో సగం మందికి ఎల్‌సీ705ను, ప్రోపియోనిబాక్టీరియం ఫ్రాయిడెన్‌రైకీ అనే మరో రకంతో కలిపి 5 వారాలపాటు ఇచ్చారు. మిగతావారికి ఉత్తి గుళికలు ఇచ్చారు. విషం జన్యుపదార్థానికి అంటుకుందని తెలిపే గుర్తు మూత్రంలో మూడో వారానికి 36 శాతం, అయిదో వారానికి 55 శాతం తగ్గింది. ఈ ఫలితం 2006లో ప్రచురితమైంది. క్యాన్సర్ తగ్గిందని దీని అర్థం కాదు. క్యాన్సర్‌కు దారితీసే మొదటి మెట్టు దగ్గర విషం తగ్గిందన్నదే దీనివల్ల తెలిసింది. ఏళ్ల తరబడి సాగే రోగానికి ఐదు వారాల పరీక్ష పూర్తి జవాబు చెప్పలేదు. అయినా మనిషి శరీరంలోనూ బాక్టీరియా విషాన్ని పట్టగలదని చూపిన సాక్ష్యంగా ఇది విలువైనదే.

దాణాలో వాడకం

ఈ విద్య ఇప్పటికి స్థిరంగా నిలదొక్కుకున్నది పశువుల, కోళ్ల మేతలోనే. దాని వెనక కథలో భీమవరంలో 1895లో పుట్టి రాజమహేంద్రవరంలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావు పేరు రెండుసార్లు తగులుతుంది. అమెరికాలోని లెడర్లీ సంస్థలో ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ పదార్థానికి అంతకుముందున్న పేర్లలో ఒకటి ‘లాక్టోబాసిల్లస్ కేసై కారకం’. ఫోలిక్ ఆమ్లం లేకపోతే ఆ బాక్టీరియా పెరగదు, అది పెరిగిన తీరును బట్టే విటమిన్ ఎంత ఉందో కొలిచేవారు. 1948లో ఆయన పర్యవేక్షణలో బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ వెలుగు చూసింది. ఆ మందు తయారీలో మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు పెడితే అవి తొందరగా పెరిగాయని అదే సంస్థకు చెందిన స్టాక్‌స్టాడ్, జ్యూక్స్ గమనించారు. అక్కడి నుంచి మేతలో యాంటీబయోటిక్ కలపడం ప్రపంచమంతా పాకింది. మందులకు లొంగని సూక్ష్మజీవులు పెరగడంతో ఐరోపా సమాఖ్య 2006లో దాన్ని నిషేధించింది. మన ప్రభుత్వం 2019లో ఆహార జంతువుల్లో కొలిస్టిన్ వాడకాన్ని ఆపింది. ఖాళీ అయిన ఆ చోటును నింపుతున్నవే ప్రోబయోటిక్‌లు.

కోళ్ల ఫారాల్లో ‘టాక్సిన్ బైండర్’ పేరుతో వాడేవాటిలో ఎక్కువ భాగం బెంటొనైట్ వంటి మట్టి ఖనిజాలు. అఫ్లాటాక్సిన్‌ను ఇవి బాగా పట్టుకుంటాయి, మిగతా బూజు విషాల దగ్గర అంతగా పనిచేయవు. ఈ లోటును తీర్చడానికే ఈస్టు గోడ పదార్థాలు, బాసిల్లస్, లాక్టోబాసిల్లస్ రకాలు కలుపుతారు. దాణాను గుళికలుగా తయారుచేసే వేడికి లాక్టోబాసిల్లస్ చస్తుంది. బాసిల్లస్ సిద్ధబీజాలుగా మారి తట్టుకుంటుంది. అందుకే దాణా తయారీదార్లకు రెండోదే అనువు. ఏది వాడినా అది బూజుపట్టిన మొక్కజొన్నను మంచి మొక్కజొన్నగా మార్చదు. ఉండలు కట్టిన గింజను తక్కువ ధరకు కొని బైండర్ కలిపి సరిపెట్టుకునే అలవాటు ఎక్కడున్నా అది కోడికీ, చివరికి గుడ్డు తినేవారికీ చేటు.

చెరువులో వాడకం

2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక డెల్టాలో చెరువుల సాగు ఉధృతమైంది. కిక్కిరిసిన చెరువులో తినగా మిగిలిన మేత, రొయ్యల విసర్జన అడుగున చేరి కుళ్లుతాయి. నీటిలో అమ్మోనియా, నైట్రైట్, నల్లటి అడుగు బురదలో హైడ్రోజన్ సల్ఫైడ్ పుడతాయి. రైతులు వాడే వాటర్ ప్రోబయోటిక్, సాయిల్ ప్రోబయోటిక్‌లలో బాసిల్లస్ సబ్టిలిస్, బాసిల్లస్ లైకెనిఫార్మిస్ కుళ్లును విడగొడతాయి. నైట్రోసోమోనాస్ అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రోబాక్టర్ దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. ఊదారంగు కిరణజన్య బాక్టీరియా, గంధకాన్ని ఆక్సీకరించే బాక్టీరియా అడుగు విషం పని పడతాయి. బెల్లం, తవుడు, ఈస్టుతో కలిపి రాత్రంతా పులియబెట్టి చల్లడం ఇక్కడి పద్ధతి. అమ్మోనియాను మార్చే జాతులు నెమ్మదిగా పెరుగుతాయి, వాటికి ఆక్సిజన్, క్షారత రెండూ కావాలి. రాత్రివేళ ఏరేటర్ ఆగిన చెరువులో ఎంత ఖరీదైన పొడి చల్లినా ఫలితం ఉండదు.

మేతకు పట్టించే గట్ ప్రోబయోటిక్ పని వేరు. రొయ్యపిల్లలు హఠాత్తుగా చనిపోయే ఒక జబ్బుకు విబ్రియో పారాహీమోలిటికస్ కారణమని 2013లో అరిజోనా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు తేల్చారు. ఆ బాక్టీరియా విడుదల చేసే జంట ప్రోటీన్ విషాలు రొయ్య జీర్ణగ్రంథిని నాశనం చేస్తాయి. రొయ్య ప్రేగులో బాసిల్లస్ ముందే స్థిరపడితే విబ్రియోకు చోటు, తిండి తగ్గుతాయి.

తినేవారి వైపు నుంచి చూస్తే దీని ప్రయోజనం పరోక్షమే అయినా పెద్దది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్ల అవశేషాలు దొరికినందుకు భారతీయ రొయ్యల సరుకు విదేశీ రేవుల నుంచి తిరిగి వచ్చిన సందర్భాలున్నాయి. 2016లో ఐరోపా సమాఖ్య మన సాగు రొయ్యల్లో సగం సరుకును పరీక్షించి తీరాలని నియమం పెట్టింది. చెరువులో యాంటీబయోటిక్ అవసరమే రాకుండా చేయగల ఏ ప్రోబయోటిక్ అయినా పళ్లెంలో ఒక విషాన్ని తగ్గించినట్టే.

కర్రపెండలం

బూజుతో నిమిత్తం లేకుండా మొక్కే తయారుచేసుకునే విషానికి డెల్టా అంచున మంచి ఉదాహరణ ఉంది. పెద్దాపురం, సామర్లకోట మెట్టల్లో సగ్గుబియ్యానికి పండించే కర్రపెండలంలో లినామరిన్ అనే పదార్థం ఉంటుంది. దుంప నలిగినప్పుడు అందులోని ఎంజైమ్ తగిలి అది హైడ్రోజన్ సయనైడ్‌ను విడుదల చేస్తుంది. ఆఫ్రికాలో దుంపను నీళ్లలో నానబెట్టి, తురిమి పులియబెట్టడం ప్రధాన విరుగుడు. లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ వంటివి కణాలను మెత్తబరిచి ఎంజైమ్‌కు దారి ఇస్తాయి, కొన్ని రకాలు లినామరిన్‌ను తామే విడగొడతాయి. ఇక్కడొక మెలిక ఉంది. పులుపు ఎక్కువైతే మధ్యలో ఏర్పడే సయనోహైడ్రిన్ విడిపోకుండా నిలిచిపోతుంది. కాబట్టి పులియడంతో ఆపకుండా పిండి నీళ్లు వడకట్టి ఎండబెట్టాలి, లేదా వేయించాలి. సగ్గుబియ్యం మిల్లులో తురుమును చాలా నీటితో కడిగి, పిండిని తొట్లలో తేర్చి, ఉండలు చేసి వేడిచేసి ఎండబెడతారు. సయనైడ్ నీటిలోకీ గాలిలోకీ పోతుంది. తినే కర్రపెండలం పిండిలో సయనైడ్ కిలోకు 10 మిల్లీగ్రాములు దాటకూడదని అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంఘం హద్దు.

లోహాలు, పురుగుమందులు

2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోవడం మొదలైంది. కొద్ది రోజుల్లో ఆరు వందల మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు, ఒకరు మరణించారు. ఢిల్లీ ఎయిమ్స్ రోగుల రక్తంలో సీసం, నికెల్ గుర్తించింది. హైదరాబాదు పోషకాహార సంస్థ పరీక్షల్లో పురుగుమందుల అవశేషాలు కనిపించాయి. ఆహారంలో, నీటిలో ఇలాంటి పదార్థాలు ఎంత ఉన్నాయో నిరంతరం కొలిచే ఏర్పాటు జిల్లా స్థాయిలో ఉండాలన్న అవసరాన్ని ఆ ఘటన తీవ్రంగా చాటింది.

ఈ రెండు రకాల విషాల మీదా ప్రోబయోటిక్ పరిశోధనలున్నాయి. టాంజానియాలోని మ్వాంజా నగరంలో, విక్టోరియా సరస్సు ఒడ్డున, గర్భిణులకు లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీఆర్-1 కలిపిన పెరుగు పెడితే వారి రక్తంలో పాదరసం, ఆర్సెనిక్ పెరగకుండా ఆగాయని 2014లో కెనడా, టాంజానియా పరిశోధకులు చూపారు. బడిపిల్లల్లో అంత స్పష్టమైన తేడా రాలేదు. చైనాలోని జియాంగ్‌నాన్ విశ్వవిద్యాలయంలో ఒక ప్లాంటారమ్ రకం ఎలుకల్లో కాడ్మియాన్ని తగ్గించింది. లోహపు అయానులు ధనావేశంతో, బాక్టీరియా గోడ రుణావేశంతో ఉండడం దీనికి ముఖ్య కారణం. పురుగుమందుల విషయంలో, కిమ్చీ నుంచి తీసిన లాక్టిక్ బాక్టీరియా క్లోర్‌పైరిఫాస్‌ను విడగొట్టిందని కొరియా పరిశోధకులు 2009లో తెలిపారు. రామ్నోసస్ జీజీ పండుఈగల్లో ఆర్గానోఫాస్ఫేట్ విషప్రభావాన్ని తగ్గించిందని 2016లో వెల్లడైంది. ఇవన్నీ రోజూ కొద్దికొద్దిగా చేరే విషానికి సంబంధించినవి. ఏలూరు వంటి హఠాత్ ప్రమాదంలో చేయవలసింది ఆసుపత్రి చికిత్సా, విషం వచ్చే దారిని మూయడమూ తప్ప మరొకటి లేదు.

ఇంటి పులిసిన తిండి

తరవాణి అన్నం గోదావరి ఇళ్లలో పూర్వం పొద్దుటి తిండి. అన్నం వార్చిన గంజినీ, బియ్యం కడిగిన నీళ్లనూ మట్టికుండలో పోసి పులియబెట్టి, ఆ పుల్లనీళ్లలో అన్నం నానబెట్టుకుని ఉల్లిపాయతోనో ఆవకాయతోనో తినేవారు. పులిసిన వరి ఆహారాల్లో లాక్టోబాసిల్లస్, ల్యూకోనోస్టాక్, వైసెల్లా, పీడియోకాకస్ జాతులు సాధారణం. ఇడ్లీ పిండిని పొంగించేది ప్రధానంగా ల్యూకోనోస్టాక్ మెసెంటరాయిడిస్. విషాన్ని పట్టే రకాలు ఈ జాతుల్లోనే దొరుకుతున్నాయి కనుక తరవాణి కుండ, తోడు పెరుగు పరిశోధనకు మంచి గనులు. చంపిన కణాలు కూడా విషాన్ని పడతాయన్నది గుర్తుంచుకుంటే ఉడికిన ఇడ్లీ, కాగిన మజ్జిగ పులుసు కూడా పరీక్షకు అర్హమైనవే.

అయితే ఇంటింటికీ, కాలకాలానికీ మారే ఈ మిశ్రమాలకు రకం పేరు, కణాల లెక్క చెప్పలేం. నిర్వచనం ప్రకారం వాటిని ప్రోబయోటిక్ అనడం తొందరపాటు. కొన్నిసార్లు పులియబెట్టే బాక్టీరియాయే విషం పుట్టిస్తుంది. చేపలు చల్లబరచకుండా నిల్వ ఉంచితే కొన్ని బాక్టీరియా హిస్టిడిన్‌ను హిస్టమిన్‌గా మార్చి, ఒళ్లంతా దద్దుర్లు, తలనొప్పి తెప్పిస్తాయి. పులియబెట్టే రకాల్లోనూ కొన్నిటికి ఈ గుణం ఉంటుంది. అందుకే పరిశ్రమల్లో తోడుగా వాడే రకాలకు ఆ గుణం లేదని ముందే పరీక్షిస్తారు.

నియమాలు, జాగ్రత్తలు

2011లో భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ విభాగం కలిసి ప్రోబయోటిక్ ఆహారాలకు మార్గదర్శకాలు ప్రకటించాయి. జాతి, రకం పేరు చెప్పడం, యాంటీబయోటిక్‌ను తట్టుకునే జన్యువులు ఇతర బాక్టీరియాకు సంక్రమించవని చూపడం, మనుషుల్లో ప్రయోజనం రుజువు చేయడం వాటిలో ముఖ్యమైనవి. ఆహార భద్రత సంస్థ 2016 నిబంధనల ప్రకారం రోజు మోతాదులో కనీసం 10 కోట్ల సజీవ కణాలుండాలి. విషాన్ని తొలగిస్తుందని ప్రకటించుకునే ఉత్పత్తికి ఈ అంకె చాలదు. ఏ విషాన్ని, ఎంత మేర, ఏ మోతాదులో అన్నది ఆ రకంతోనే చేసిన పరీక్ష చెప్పాలి.

ఆరోగ్యవంతులకు వీటివల్ల హాని అరుదు. నెలలు నిండకుండా పుట్టిన శిశువుల్లో, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారిలో, అవయవమార్పిడి జరిగినవారిలో ఈ బాక్టీరియా రక్తంలోకి చేరి సెప్సిస్ తెచ్చిన కేసులు నమోదయ్యాయి. అటువంటివారు వైద్యుడి సలహా లేకుండా వీటిని తీసుకోరాదు. చెరువులకు, ఫారాలకు అమ్మే పొడుల్లో రకం పేరు, కణాల సంఖ్య, తయారీ తేదీ లేని సంచిని కొనకపోవడం మేలు. ఎండలో, తేమలో నిల్వ ఉంటే సజీవ కణాల సంఖ్య వారాల్లోనే పడిపోతుంది.